రోహిణి ఎండలో కళాయాత్ర

రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని తెలుగునాట ఒక సామెత కలదు. రాయలసీమ ప్రజలకు ఈ మాటను వివరించి చెప్పవలసిన పనిలేదు. మే నెల వచ్చుసరికి కడప ప్రాంతమున ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియసును దాటుట సామాన్యము. ఒకవైపు పాలకొండలకును, మరియొకవైపు వెలికొండలకును నడుమనున్న రాజంపేట సీమలో ఆ దినములందు కొండరాళ్లు పగలంతయు కాగి, రాత్రి చాల ప్రొద్దుపోవువరకు వేడిని వెలిగ్రక్కుచుండును. చెయ్యేరు ఇసుకతిన్నెలుగా మిగులును. ఉదయము పది గంటలు దాటినచో వీధులలో జనసంచారము పలచబడును. పశువులు చింతచెట్ల నీడలకు చేరి, నెమరువేయుచు సాయంకాలమునకై వేచియుండును.

అయినను విద్యార్థులకు యాత్రలు చేయుటకు వీలుచిక్కునది ఈ కాలముననే. బడులకు సెలవులు వచ్చును. బంధువుల యిండ్లకు పోవుటయు, పోయిన చోట గుడులను, కోటలను, ప్రదర్శనశాలలను చూచుటయు అప్పుడే జరుగును. ఏడాదిలో మిక్కిలి కఠినమైన ఋతువే ఈ విధముగా కళాదర్శనమునకు ఋతువైనది. ఇందుండి రెండు ప్రశ్నలు పుట్టుచున్నవి. ఎండలో తిరుగు మనిషి తన్ను తాను కాపాడుకొనుట యెట్లు? ఇది మొదటిది. మనిషి ఒకటి రెండు దినములు తిరిగి ఇల్లు చేరును. కాని అదే ఎండను వందలయేండ్లుగా సహించుచున్న శిల్పములు, శాసనములు, తాళపత్రములు నేటివరకు నిలుచుట యెట్లు? ఇది రెండవది. ఈ రెండింటికిని సమాధానము ఒక్క మాటలో ఉన్నది. అది నీడ. రాజంపేటనుండి కడపవరకు గల త్రోవను అనుసరించి పోయినచో ఈ మాట ఎంత నిజమో తెలియును.

రాజంపేటకు సమీపముననే తాళ్లపాక గ్రామము కలదు. పదకవితాపితామహులని ప్రసిద్ధిగాంచిన అన్నమాచార్యులు 1408లో అచ్చట జన్మించిరి. తిరుమల వేంకటేశ్వరునిపై వేలకొలది సంకీర్తనములు రచించి, 1503లో పరమపదించిరి. ఆ సంకీర్తనములు ముప్పదిరెండు వేలని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కాలమున గ్రంథములు వ్రాయుటకు సామాన్య సాధనము తాటాకు. తాటాకు ఎండకు పెళుసెక్కును, తేమకు బూజుపట్టును, పురుగులకు ఆహారమగును. ఇది ఎరిగిన తాళ్లపాకవారు దూరదృష్టితో ఒక పని చేసిరి. సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి, ఆ రేకులను తిరుమల ఆలయములోని ఒక రాతిగదియందు భద్రపరచిరి. దానిని సంకీర్తన భాండాగారమనియు, తాళ్లపాకవారి అర యనియు చెప్పుదురు.

తరువాత కాలము మారినది. రాజ్యములు పోయినవి. ఆ అరలోని రేకుల సంగతి లోకము చాలవరకు మరచినది. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో అవి పండితుల దృష్టికి వచ్చెను. రెండువేలకు మించిన ఆ రేకులను తిరుమల తిరుపతి దేవస్థానమువారు చదివించి, గ్రంథములుగా ప్రకటించిరి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు విద్వాంసులు ఆ పనిలో శ్రమించిరి. నేడు పండ్రెండువేలకు పైబడిన సంకీర్తనములు లభించుచున్నవి. సంప్రదాయము చెప్పు లెక్క సరియైనచో, సగమునకు మించి నశించినవన్నమాట. మిగిలిన భాగము మిగులుటకు రెండే కారణములు. ఒకటి, చెడని రాగి. రెండవది, ఎండయు వానయు చొరని గది. ప్రదర్శనశాల యను పేరు వినబడని కాలముననే మన పెద్దలు ప్రదర్శనశాల చేయవలసిన పనులలో ముఖ్యమైన దానిని చేసియుండిరి.

తాళ్లపాకనుండి నందలూరు ఎంతో దూరము లేదు. బొంబాయి, మద్రాసు నగరములను కలుపు రైలుమార్గముపై నున్న ఈ ఊరిలో సౌమ్యనాథస్వామి ఆలయము కలదు. ఇది చోళుల కాలమునాటిది. దీని గోడలపై తమిళ, తెలుగు శాసనములు పెక్కు గలవు. ఏ రాజు ఏ సంవత్సరమున ఏ భూమిని దానము చేసెనో, ఎవరు ఏ దీపమునకు ధనమిచ్చిరో ఇట్టి రాతలవలననే తెలియును. చరిత్రకారునకు అవి గ్రంథములతో సమానము. కాని ఆ అక్షరముల లోతు వేలిగోటి మందమునకు మించదు. అంతపాటి రాయి పొరగా లేచినచో ఒక రాజు పేరు గాని, ఒక సంవత్సరము గాని శాశ్వతముగా పోవును.

రాయి అట్లు పొరలుగా లేచునా యని సందేహము కలుగవచ్చును. మొదట చెప్పిన సామెతలోని సత్యము ఇచ్చటనే ఉన్నది. గ్రానైటు రాయి ఒకే పదార్థము కాదు. అందు స్ఫటికము, ఫెల్‌స్పారు, అభ్రకము మొదలగు ఖనిజముల కణములు ఒకదానితో ఒకటి పెనవేసికొని యుండును. వేడి తగిలినప్పుడు ఇవి అన్నియు వ్యాకోచించును గాని, ఒక్క రీతిగా వ్యాకోచింపవు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. అంతేగాక రాతి పైభాగము కాగినంత త్వరగా లోపలి భాగము కాగదు. పగలు వ్యాకోచము, రాత్రి సంకోచము. ఏడాదికి మూడువందల అరువది యైదు దినములు, అట్టి ఏండ్లు వందలు. ఈ లాగులాటలో కంటికి కనబడని నెఱ్ఱెలు ఏర్పడును. వానకాలమున ఆ నెఱ్ఱెలలోనికి నీరు చొచ్చును. నీటితోపాటు లవణములు చేరును. నీరు ఆవిరియైనప్పుడు లవణములు గడ్డకట్టి, పొరను వెలుపలికి నెట్టును. రోలు ఒక్క దినమున పగులకపోవచ్చును. కాని పగులుటకు ప్రతిదినము కొంచెము సిద్ధపడుచుండును.

అందువలన శాసనపరిశోధకులు రాతను రాతిమీదనే వదలిపెట్టరు. రాతిని శుభ్రపరచి, తడిపిన కాగితమును దానిపై పరచి, కుంచెతో మెల్లగా కొట్టుదురు. కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. పిమ్మట సిరా అద్దిన దూదిమూటతో పైపైన తట్టుదురు. ఎత్తైన భాగము నల్లబడి, అక్షరములు తెల్లగా మిగులును. ఈ అచ్చును కార్యాలయమునకు కొనిపోయి తీరికగా చదువుదురు. రాయి చెడినను రాత మిగులును. ఇదియు ఒక విధమైన నీడయే.

నందలూరునుండి కడప వైపు పోవునప్పుడు ఒంటిమిట్ట వచ్చును. అచ్చటి కోదండరామాలయము విజయనగర కాలపు శిల్పరీతికి పేరెన్నికగన్నది. గర్భగుడిలోని సీతారామలక్ష్మణుల మూర్తులు ఒకే శిలయందు మలచబడినవగుటచే ఈ క్షేత్రమునకు ఏకశిలానగరమను పేరు కలిగినది. 1652లో ఈ త్రోవన ప్రయాణము చేసిన టావెర్నియరను ఫ్రెంచి వర్తకుడు ఈ ఆలయమును చూచి మెచ్చుకొనెను. ఆలయము జీర్ణదశలో నున్నప్పుడు వావిలికొలను సుబ్బారావు (1863-1936) టెంకాయచిప్ప చేతబట్టి బిచ్చమెత్తి, ఆ ధనముతో దానిని ఉద్ధరించెను. వాల్మీకి రామాయణమును తెనిగించి ఆంధ్రవాల్మీకి యని పేరుపొందిన పండితుడాయన. రాతికట్టడమైనను కనిపెట్టి చూచు మనిషి లేనిచో నిలువదని ఆయన జీవితము చెప్పుచున్నది.

ఒంటిమిట్టలో సీతారామకల్యాణము పగటివేళ గాక రాత్రి వెన్నెలలో జరుగును. ఇందుకు భక్తులు చెప్పు పురాణకథ వేరు. కాని చైత్రమాసపు ఎండలో దూరమునుండి నడచివచ్చు వేలాది జనులకు ఆ చల్లని వేళ ఎంత హాయిగా నుండునో ఊహింపవచ్చును.

వేసవిలో ఇట్టి ఆలయమునకు పోయిన వారెల్లరు ఒక సంగతి గమనింతురు. ఆవరణములోని బండలు అరికాళ్లను మాడ్చుచుండగా, రంగమండపములో అడుగిడినంతనే చలువ తోచును. గర్భగుడి దాపున అది మరింత అధికమగును. విసనకఱ్ఱ గాని, విద్యుద్యంత్రము గాని లేకయే ఇది ఎట్లు జరుగుచున్నది? గోడలును, పైకప్పును మిక్కిలి దళసరియైన రాతితో కట్టబడినవి. మధ్యాహ్నపు వేడి ఆ మందమును దాటి లోపలికి వచ్చుటకు చాల గంటలు పట్టును. అది వచ్చునంతలో ప్రొద్దు క్రుంకును. రాత్రి చల్లగాలికి రాయి తిరిగి చల్లారును. మండపమునకు ప్రక్కలు తెరపియగుటచే గాలి స్తంభముల నడుమ ఆడుచుండును. ముందుకు పొడుచుకొని వచ్చిన చూరు ఎండను అడ్డగించును. శిల్పులు సున్నితమైన చెక్కడపుపనిని ఎక్కువగా మండపస్తంభములపైనను, చూరుల క్రిందను ఉంచిరి. చూచువానికిని, చూడబడుదానికిని ఒకే కప్పు నీడనిచ్చుచున్నది.

చిత్రకళ విషయమున ఈ మాట ఇంకను స్పష్టమగును. రాయలసీమలోనే లేపాక్షి వీరభద్రాలయమున పదునారవ శతాబ్దపు వర్ణచిత్రములు కలవు. అవి మండపపు కప్పుల క్రింద, సున్నపు పూతపైన వ్రాయబడినవి. నేరుగా ఎండ సోకని చోటగుటవలననే వాటి ఎఱుపులు, పసుపులు ఇంతకాలము నిలిచినవి. వెలుపలి గోడపై వ్రాసియున్నచో వాటి జాడయైనను దొరకియుండదు.

ఒంటిమిట్ట దాటి కడప చేరినచో నీడయొక్క మరియొక రూపము కనబడును. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) ఈ పట్టణమున ఉద్యోగము చేయుచు ఒక బంగళాను కొని, అందు పండితులను తన సొంత ధనముతో పోషించి, తెలుగు తాళపత్రగ్రంథములను సేకరింపజేసి, పరిష్కరింపజేసెను. అప్పటికి ఎన్నో కావ్యములు అటకలమీద, పొగచూరిన మూలలలో, ఎవరును విప్పని కట్టలుగా పడియుండెను. బ్రౌను బంగళా తరువాత శిథిలమయ్యెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలగు వారి పట్టుదలవలన ఆ స్థలముననే గ్రంథాలయము వెలసినది. నేడు అది బ్రౌను పేర భాషా పరిశోధన కేంద్రముగా నడచుచు, తాళపత్రములను కాపాడుచున్నది.

తాళపత్రమును కాపాడుట సులభము కాదు. ఆకుపై ఘంటముతో గీచి, ఆ గీతలలో మసి రుద్దినచో అక్షరములు నల్లగా కనబడును. ఆకులోని సహజమైన తేమ ఎండకు ఆరిపోయినచో అది వంచినచోట విరుగును. అట్లని తడిచోట ఉంచరాదు. నిమ్మగడ్డి తైలమును పలుచగా పూసినచో ఆకు మెత్తబడును, పురుగులు దరిచేరవు. క్రింద మీద చెక్కపలకలు పెట్టి, త్రాటితో కట్టి, గుడ్డలో చుట్టవలెను. అన్నిటికంటె ముఖ్యముగా వేడియు తేమయు హఠాత్తుగా మారని గదిలో ఉంచవలెను. వస్తువునకు కొంచెము వేడికంటె, గడియకొక తీరుగా మారు వేడి ఎక్కువ అపాయము.

కడపలోనే 1982లో నెలకొల్పబడిన భగవాన్ మహావీర ప్రభుత్వ ప్రదర్శనశాల కలదు. ఈ ప్రాంతమున దొరకిన ప్రాచీన శిలావిగ్రహములను అందు చూడవచ్చును. జమ్మలమడుగు దగ్గర పెన్నానది యొడ్డున దానవులపాడను చోట ఒక ప్రాచీన జైనక్షేత్రము ఇసుకలో పూడిపోయియుండెను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున త్రవ్వకములు జరిపినప్పుడు ఆలయములు, తీర్థంకరుల మూర్తులు, రాష్ట్రకూట రాజగు మూడవ ఇంద్రుని కాలపు శాసనము బయటపడెను. అచ్చట దొరకిన శిల్పములలో కొన్ని మద్రాసు ప్రదర్శనశాలకు చేరెను. భూమిలో నున్నంతకాలము ఇసుకయే ఆ మూర్తులకు నీడయైనది. వెలికి తీసిన క్షణమునుండి ఆ భారము మనిషిపై పడినది.

ఆ భారమును మనిషి మోయనప్పుడు ఏమి జరుగునో అమరావతి చరిత్ర చెప్పుచున్నది. కృష్ణాతీరమునందలి ఆ బౌద్ధస్తూపమును పల్నాటి సున్నపురాతితో కట్టిరి. పదునెనిమిదవ శతాబ్దపు చివర ఆ దిబ్బ జనుల దృష్టికి వచ్చినప్పుడు, చెక్కడపు ఫలకములను పెకలించి కొందరు ఇండ్లకు, మెట్లకు వాడుకొనిరి. కొన్నిటిని కాల్చి సున్నము చేసిరి. 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వించిన ఫలకములు మద్రాసు చేరియు, చాలకాలము ఆరుబయటనే ఎండకు ఎండుచు, వానకు తడియుచు పడియుండెను. పిమ్మట 1859లో వాటిలో ఎక్కువ భాగమును ఇంగ్లండునకు పంపిరి. నేడు అవి లండనులోని బ్రిటిషు ప్రదర్శనశాలలో ఉన్నవి. సొంత ఊరిలో ఒక కప్పు దొరకక, ఆ శిల్పములు సముద్రములు దాటిపోయినవి.

ఇంత చరిత్ర తెలిసిన పిమ్మట ప్రదర్శనశాలలో అడుగిడిన విద్యార్థికి అచ్చటి కొన్ని పద్ధతులు వింతగా తోచవు. కొన్ని గదులు మసకచీకటిగా నుండును. చిత్రములు, వస్త్రములు, వ్రాతప్రతులు ఉన్న గదులలో దీపపు వెలుగు 50 లక్సులకు మించకుండుట మేలని నిపుణులు చెప్పుదురు. లక్సనునది వెలుగును కొలుచు ప్రమాణము. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు. అనగా రెండువేల రెట్లు. ఒక పట్టుచీరకు ఎండలో ఒక్క గంటలో కలుగు హాని, ఆ మసక గదిలో రెండువేల గంటలకు గాని కలుగదు. దినమునకు ఎనిమిది గంటల చొప్పున అది రెండువందల యేబది దినములు. వెలుగువలన పోయిన రంగు విశ్రాంతి నిచ్చినను తిరిగి రాదు. కావున చీకటిగా నున్నదని విసుగుకొనక, కన్నులు అలవాటు పడువరకు రెండు నిమిషములు నిలిచి చూచుట యుక్తము.

హైదరాబాదులో మూసీనది యొడ్డునగల సాలార్‌జంగు ప్రదర్శనశాలను ఎందరో విద్యార్థులు వేసవిలో చూచుచుందురు. మూడవ సాలార్‌జంగు సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించెను. 1968లో అది ఇప్పటి భవనమునకు మారెను. పాలరాతి బొమ్మ మొదలు పట్టువస్త్రము వరకు, ఏనుగుదంతము మొదలు వ్రాతప్రతి వరకు అందు గలవు. ఈ వస్తువులన్నిటికి ఒకే వెలుగు, ఒకే గాలి పనికిరావు. పాలరాయి ఓర్చిన వెలుగును పట్టు ఓర్వదు. ఆ నగరమునందే రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలోగల ఈజిప్టు మమ్మీని 2016లో ప్రాణవాయువు లేని గాజుపెట్టెలో అమర్చిరి. ప్రాణవాయువు లేనిచోట సూక్ష్మజీవులు, పురుగులు పెరుగజాలవు. మనిషికి ప్రాణమైన గాలియే ఆ వస్తువునకు శత్రువు కావచ్చును.

ఇందుపై ఒక ఆక్షేపణ కలదు. గుడిలోని విగ్రహమును, వాగు ఒడ్డునగల వీరగల్లును తెచ్చి నాలుగు గోడల నడుమ నిలిపినచో దాని జీవము పోదా? ఏ ఊరిలో, ఏ చెట్టుక్రింద, ఎవరి పూజలందుకొనుచుండెనో ఆ సంబంధము తెగిపోదా? ఈ మాటలో న్యాయమున్నది. పూజ జరుగుచున్న విగ్రహము గుడిలో నుండుటయే సరియైనది. స్వస్థలమున కాపాడగలిగినంతవరకు ఏ శిల్పమును కదలింపరాదు. కాని గుడి కూలి, ఊరు తరలి, దిక్కులేక పడియున్న శిల్పమునకు ఎండవానలు గాని, దొంగలు గాని గతియైనప్పుడు, ప్రదర్శనశాలయే శరణ్యము. అట్టి శిల్పము ప్రక్కన అది దొరకిన ఊరిపేరు వ్రాసియుంచిన చిన్న అట్ట మిక్కిలి విలువైనది. తెగిన సంబంధమును తిరిగి ముడివేయు దారము అదియే. విద్యార్థి ఆ అట్టను చదువకుండ శిల్పమును మాత్రము చూచి పోయినచో సగమే చూచినట్లు.

ఇక చూడవచ్చిన మనిషి సంగతి. మనిషి శరీరపు వేడి సుమారు 37 డిగ్రీలు. వెలుపలి గాలి అంతకంటె వేడియైనప్పుడు శరీరము చల్లబడుటకు చెమట ఒక్కటే దారి. ఒక లీటరు చెమట ఆవిరియగుటకు సుమారు 580 కిలోకెలోరీల వేడి కావలెను. ఆ వేడిని అది శరీరమునుండి తీసికొనిపోవును. మట్టికుండలో నీరు చల్లబడుటకును కారణమిదియే. కుండ రంధ్రములనుండి ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి నీటి వేడిని గ్రహించును. రాయలసీమ గాలి పొడిగాలి. అందువలన ఇచ్చట కుండనీరు బాగుగా చల్లబడును. ఆ కారణముననే చెమట పుట్టినది పుట్టినట్లే ఆరిపోవును. ఒడలు తడియలేదు గదా యని మనిషి భ్రమపడును. శరీరములోని నీరు ఎంత తగ్గినదో అతనికి తెలియదు. దాహమగువరకు ఆగక, మధ్య మధ్య నీరు త్రాగుచుండవలెనని పెద్దలు చెప్పుటకు హేతువు ఇది.

కావున వేసవిలో కళాదర్శనమునకు వెడలువారు కొన్ని నియమములు పాటింపవలెను. ఆరుబయట నున్న కట్టడములను సూర్యోదయమైన వెంటనే చూడవలెను. అప్పటి ఏటవాలు వెలుగు స్తంభముల నడుమకు చొచ్చుకొని వచ్చి, మధ్యాహ్నము కనబడని చెక్కడములను చూపును. శరీరమునకు మేలైన వేళయే కంటికిని మేలైన వేళ. పదకొండు గంటలనుండి నాలుగు గంటలవరకు కప్పు క్రింద నుండవలెను. ప్రదర్శనశాలను చూచుటకు ఆ సమయము తగినది. అయితే దాని వారపు సెలవుదినమును ముందే తెలిసికొనవలెను. సాలార్‌జంగు ప్రదర్శనశాల శుక్రవారము మూసియుండును. ప్రయాణపు ఎండలో పోయి, మూసిన తలుపు చూచి మరలుట కంటె నిరుత్సాహము వేరొకటి లేదు. పలుచని నూలుబట్టలు, తలగుడ్డ లేక గొడుగు, నీటిసీసా వెంట నుండవలెను. బయలుదేరుటకు ముందు రాగి అంబలి గాని, ఉప్పువేసిన మజ్జిగ గాని త్రాగుట మంచిది. చెమటతో పోయిన నీటిని, ఉప్పును అవి తిరిగి చేకూర్చును. త్రోవలో ధర్మాత్ములు పెట్టిన చలివేంద్రములు కనబడినచో ఆగి, దాహము తీర్చుకొనవలెను.

తోటివానికి తలనొప్పి, వాంతి, కండరముల నొప్పులు కలిగినచో వెంటనే నీడకు చేర్చి నీరు త్రాగింపవలెను. మాట తడబడినను, తెలివి తప్పినను, ఒడలు నిప్పువలె కాలుచున్నను అది వడదెబ్బ యని గ్రహింపవలెను. అప్పుడు ఆలస్యము ప్రాణాంతకము. బట్టలు వదులుచేసి, ఒంటిపై నీరు చల్లుచు, విసరుచు, 108కి ఫోనుచేసి ఆసుపత్రికి చేర్పింపవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు.

చూచుటకును ఒక పద్ధతి కలదు. వేయి వస్తువులను ఒక్క పూటలో చూడబోయినవాడు ఒక్కదానిని చూడడు. కాళ్లు నొచ్చును, కన్నులు అలయును, మనస్సున ఏదియు నిలువదు. పది వస్తువులను ఎన్నుకొని, ఒక్కొక్కదాని యెదుట కొంతసేపు నిలువవలెను. ఇది దేనితో చేసిరి? ఎచ్చట దొరకినది? ఎవరికొరకు చేసిరి? ఇంతకాలము ఎట్లు మిగిలినది? ఈ నాలుగు ప్రశ్నలు వేసికొని, తెలిసినది పుస్తకమున వ్రాసికొనవలెను. చేతితో తాకరాదు. వేసవిలో అరచేతి చెమటలోని ఉప్పు, జిడ్డు రాతికిని లోహమునకును అంటును. ఒక్క చేయి చేయు హాని కనబడదు. లక్ష చేతులు తాకిన శిల్పపు ముక్కు, చేతివ్రేళ్లు అరిగిపోవును. గోడలపై పేర్లు గీయుట అంతకంటె నీచమైన పని. ఎనిమిదివందల యేండ్లు ఎండకు ఓర్చిన శాసనము ఒక బాలుని మేకుమొనకు ఓర్వలేదు.

ఊరూరను ఇట్టి సంపద కలదు. పొలము గట్టున ఒక వీరగల్లు, చెరువుతూము దగ్గర ఒక శాసనము, పాత యింటి అటకపై ఒక తాటాకు కట్ట ఎండకు ఎండుచు పడియుండును. వాటిని ప్రదర్శనశాలకు చేర్చుట విద్యార్థి పని కాదు. తానై కదలించుటయు తగదు. అవి ఉన్నవని గుర్తించి, ఉపాధ్యాయునకు తెలిపి, వారి ద్వారా పురావస్తు శాఖకు ఎరిగించుట మాత్రము ఎనిమిదవ తరగతి బాలునికిని, బాలికకును సాధ్యమే. ఈ వేసవి సెలవులలో తమ ఊరిలోని ప్రాతరాళ్ల జాబితా ఒకటి వ్రాసినవారు, దూరపు నగరములలోని ప్రదర్శనశాలలను చూచుటకు సరియైన అర్హత సంపాదించినవారగుదురు.